ఖాకీ చొక్కా మీద నెత్తురు

మా తమ్ముడు శ్రీకాంత్ చావును చూపించి హరికృష్ణ రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యాడు. మూడోసారి నిలబడినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ఆయన మీద కోపంతోనే చెబుతున్నాను. దాచుకోవలసిన అవసరం నాకిప్పుడు లేదు.

బతుకమ్మ పండుగ అయిన వారానికి ఆయన మా ఇంటికి వచ్చాడు. ఖిలా వరంగల్‌లో మట్టికోట కట్టను ఆనుకుని మాది రెండు గదుల రేకుల ఇల్లు. అమ్మ మొగిలమ్మ, నేను, ఇద్దరమే ఉంటాం. నాన్న సాంబయ్య పోయి ఐదేళ్లయింది. నా పెళ్లి నిలబడలేదు. కోట లోపల కౌలుకు తీసుకున్న చెల్కలో అమ్మ బంతిపూలు పండిస్తుంది. నాకు ఒక సర్కారు ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం ఉండేది.

మా సందులోకి కారు రాదు. హరికృష్ణ ముప్పై మందిని వెంటేసుకుని నడిచి వచ్చి, వాకిట్లోనే వంగి అమ్మ కాళ్లు మొక్కాడు. ఆయన మెడలో కండువా రంగు మారింది. పాత పార్టీ టికెట్ వేరేవాళ్లకు ఇచ్చిందని తెలిసిన మూడో రోజుకల్లా హైదరాబాద్ పోయి కొత్తది కప్పించుకున్నాడు. అది ఆయనకు మూడో పార్టీ.

"ఈ రంగేంది బిడ్డా, కొత్తగున్నది?" అంది అమ్మ.

"రంగుదేమున్నదమ్మా, మనిషి గదే. ఆ పార్టోళ్లు మన శ్రీకాంత్‌ను మర్సిపోయిన్రు. గా బాధకే బయటికొచ్చిన."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె నమ్మింది. ఆయన ఏం చెప్పినా నమ్మేది.

"పై శుక్రవారం నామినేషనమ్మా. ఎప్పటిలెక్కనే కాగితాలు నీ చేతులకెల్లే తీసుకుంట. నువ్వు దీవిస్తేనే నాకు గెలుపు."

అది ఆయన పెట్టుకున్న ఆనవాయితీ. నామినేషన్ రోజు శ్రీకాంత్ ఫొటోకు దండవేసి, జీపు మీద అమ్మను పక్కన నిలబెట్టుకుని ఊరేగేవాడు. సభలో మైకు ఇస్తే అమ్మ ఏడుస్తూ చెప్పేది: "నా కొడుకు రాష్ట్రం గావాలన్నడు. పోలీసోళ్లు కొట్టి సంపిన్రు. ఈ బిడ్డ నా కొడుకును బుజాన మోసిండు." ఆమె ఏడుపులో అబద్ధం లేదు. అందుకే జనం ఏడ్చేవాళ్లు, ఓట్లు వేసేవాళ్లు.

ఈసారి ఆయన ఫోన్ల ప్రచారం చూసుకునే భానుచందర్ కూడా వచ్చాడు. అమ్మను బంతితోటలో నిలబెట్టి వీడియో తీశాడు. అమ్మ పక్కన నేనున్నాను. మాటలయ్యాక చివర ఒక పాత ఫొటో కలిపాడు. దవాఖాన గేటు దగ్గర ఆటో దిగుతున్న కానిస్టేబుల్. ఖాకీ చొక్కా నిండా నెత్తురు. కింద "బిడ్డను మింగిన ఖాకీ" అని రాశాడు. రెండు రోజుల్లో ఆ వీడియో వరంగల్‌లో ప్రతి ఫోనులోకీ పాకింది.

ఆ ఫొటో గురించి అమ్మకు తెలియని సంగతి నాకు తెలుసు.

రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. హరికృష్ణ అప్పుడు విద్యార్థి నాయకుడు. సభకు జనాన్ని తోలడానికి డీసీఎం వ్యాన్ మాట్లాడింది ఆయనే. ముప్పై మంది పట్టే బండిలో అరవై మందిని ఎక్కించారు. నేను డిగ్రీ, శ్రీకాంత్ ఇంటర్. ఇద్దరం ఎక్కాం. మలుపు దగ్గర బండి అదే వేగంతో తిరిగింది. వెనుక డోరు గొలుసు తెగింది. శ్రీకాంత్ తల రోడ్డుకు తగిలిన చప్పుడు నేను విన్నాను.

ఆ మలుపులో బందోబస్తుకు నిలబడిన కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి వాణ్ని ఎత్తుకున్నాడు. ఆటో ఆపి, తమ్ముడి తలను తన ఒళ్లో పెట్టుకున్నాడు. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. దవాఖాన గేటు చేరేసరికి ప్రాణం పోయింది. ఆటో దిగుతుండగా ఎవరో ఫొటో తీశారు. ఆ చొక్కా మీది నెత్తురు మా తమ్ముణ్ని మోసినందుకు అంటింది.

గంటలో హరికృష్ణ వచ్చాడు. అప్పటికే చేరుకున్న నాన్నను గోడ పక్కకు తీసుకుపోయాడు. "కాకా, బండి మీదికెల్లి పడ్డడంటే యాక్సిడెంటు కిందికి వోతది. నాలుగొద్దులైతే ఎవనికి యాదికుండదు. పోలీసు దెబ్బలకు వోయిండంటే పిల్లగాడు అమరుడైతడు. పేరు నిలవడ్తది." బండి మాట్లాడింది తనేనని, కేసు తన మీదికి వస్తుందని మాత్రం అనలేదు. నాన్న చెప్పినచోట సంతకం పెట్టాడు. అంతేనా అని నన్ను అడిగితే తలూపాను. బండిలో వచ్చినవాళ్లంతా ఆయన వెనక తిరిగేవాళ్లే, వాళ్లూ లాఠీ దెబ్బలనే అన్నారు. పోస్టుమార్టం కాగితంలో తలకు దెబ్బ అని రాశారు. లాఠీ దెబ్బో రోడ్డు దెబ్బో కాగితానికేం తెలుసు?

"మీ అమ్మకు చెప్పకు బిడ్డా. ఆమెకు అబద్ధమాడ రాదు" అన్నాడు నాన్న.

కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారని మర్నాడు పేపర్లో చదివాను. మడిచి పక్కన పెట్టాను. హరికృష్ణ మొదటిసారి గెలిచాక నాకు ఉద్యోగం ఇప్పించాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

వీడియో వచ్చిన మూడో రోజు, మధ్యాహ్నం అన్నం వేళ, ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చింది. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లుంటాయి. పేరు కావ్య అంది. హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు.

"మా నాయిన యాదగిరి. కానిస్టేబుల్ ఉండె," అంది. ఫోను తీసి ఆ ఫొటో చూపించింది. "గీయనే."

నా చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"మూడేండ్లు ఎంక్వైరీ అని తిప్పి కొలువు తీసేసిన్రు. ఇప్పుడు ఏటూరునాగారంల ఇంటికాడనే ఉంటాండు. రెండేండ్ల కింద పక్షవాతం వచ్చింది. మాట వోయింది. ఎవడో ఈ వీడియో చూపెట్టిండట. అప్పటికెల్లి ఏడుస్తనే ఉన్నడు. మాట ఉన్నన్ని రోజులు ఒక్కటే చెప్పేది. ఆటోల ఒక పిల్ల ఉండె, ఆ పిల్ల అంతా చూసింది, ఒక్క మాట చెప్తే నేను బయటపడుదు అని. ఎవరు నాయినా అంటే చెప్పకపోతుండె." ఆమె నా మొహంలోకి చూసింది. "వీడియోల మిమ్మల్ని చూసిన. ఆ పిల్ల మీరేనా అక్కా?"

"కాదు," అన్నాను.

ఆమె ఒక చీటీ మీద తన ఫోను నంబరు రాసి నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. "సరే అక్కా. ఏమనుకోకుండ్రి," అని వెళ్లిపోయింది. ఆ మర్యాద నన్ను చెప్పుతో కొట్టినట్టుంది.

సాయంత్రం మట్టెవాడలో హరికృష్ణ ఎన్నికల ఆఫీసుకు పోయాను. బట్టల దుకాణాల మధ్య ఖాళీ గోడౌన్‌ను ఆఫీసు చేశారు. జెండాలు, కరపత్రాల కట్టలు, బిర్యానీ వాసన. నన్ను చూసి అందర్నీ బయటికి పంపాడు.

"అన్నా, ఆ ఫొటో తీసెయ్యమనుండ్రి."

"ఏ ఫొటో?"

"ఎరుకలేనట్టు అడగకుండ్రి. ఆ మనిషి బతికే ఉన్నడు. మంచంల ఉన్నడు."

ఆయన కోపగించుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. "తిరుమలా, ఒక ముచ్చట చెప్త. చెప్పి చెప్పి ఇప్పుడు కండ్లు మూసుకుంటె నాకు లాఠీనే కనవడ్తది. డీసీఎం కనవడది. కసమ్."

"నాకు కనవడ్తది."

"కనవడనీ. ఎవలకు చెప్తవ్? సంతకం పెట్టింది మీ నాయిన. పక్కన నిలవడ్డది నువ్వు. నీ కొలువు ఏ తొవ్వల వచ్చిందో ఊరికంత ఎరుకే. జనవరిల మల్ల కాంట్రాక్టు రాస్తరు. నేను ఫోన్ జేస్తనే అయితది." బల్ల మీద ఉన్న గ్లాసు నా వైపు జరిపాడు. "ఫికర్ జెయ్యకు. చాయ్ తాగి పో."

తాగాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో బంతిదండలు గుచ్చుతోంది. ఎల్లుండి నామినేషన్ ఊరేగింపుకు హరికృష్ణ మనుషులు రెండు వందల దండలు చెప్పారు. పక్కన పసుపు కుప్ప, నారింజ కుప్ప. నేను గడప మీద కూర్చుని మొదలుపెట్టాను. ఆపితే మళ్లీ చెప్పలేనని ఆపకుండా చెప్పాను. డీసీఎం, గొలుసు, ఆటో, నాన్న సంతకం, కానిస్టేబుల్ కొలువు, కావ్య.

అమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"ఆటోల ఎంతసేపున్నడు?"

"పావుగంట."

"మాట్లాడిండా?"

"దూపైతాంది అన్నడు."

"నీళ్లు?"

"ఆ పోలీసాయన ఆటో ఆపిచ్చిండు. పక్కన డబ్బాల సీసా అడుక్కొచ్చి పోసిండు. రెండు గుటకలు మింగిండు."

"ఇంకేమన్నడు?"

"అమ్మకు చెప్పకే, కొడ్తది అన్నడు."

అమ్మ ఏడవలేదు. దారం కొరికి తెంపింది. సగం గుచ్చిన దండ కుప్ప మీద పెట్టింది.

"ఆ పోలీసాయన ఊరేడ?"

"ఏటూరునాగారం."

"ఇన్నేండ్లు నా నోటితోని ఇదంత చెప్పిచ్చినవా?" అంది.

అంతే. ఆ తర్వాత నెల రోజులు అమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిది కొట్టకముందే డప్పులు మా సందులోకి వచ్చాయి. ముందు భానుచందర్ ఫోను ఎత్తి పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. హరికృష్ణ తెల్ల బట్టలు, చేతిలో కాగితాల ఫైలు. జనం గోడలెక్కారు. అమ్మ చేతిసంచీతో బయటికి వచ్చింది. సంచీలో ఒక జత బట్టలున్నాయి, శ్రీకాంత్ ఫొటో ఉంది. హరికృష్ణ కాళ్లకు వంగాడు. అమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. ఆయన చేతులు నేలను తాకాయి.

"శ్రీకాంతుకు దూపైతే నీళ్లు ఎవలు వోసిన్రో నీకెరుకేనా?" అంది.

డప్పుల్లో వినబడలేదేమో, ఆయన నవ్వుతూ ఫైలు చాపాడు. అమ్మ మళ్లీ అడిగింది. ఈసారి ముందు వరసలో డప్పు ఆగింది. దాన్ని చూసి మరొకటి ఆగింది. భానుచందర్ ఫోను కిందికి దించాడు. హరికృష్ణ నన్ను చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

"అమ్మా, నీ పాణం మంచిగలేనట్టున్నది..."

"మంచిగనే ఉన్న. నీళ్లు వోసినాయన ఇంటికి పోతాన్న. తొవ్వ ఇడువుండ్రి."

జనం పక్కకు జరిగారు. అమ్మ ఆ జెండాల మధ్య నుంచి నడిచి రోడ్డెక్కింది. నేను వెనకే పోయాను. బస్సులో పక్కన కూర్చుంటే లేచి ముందు సీటుకు మారింది. ములుగు దాటి అడవి మొదలైనా వెనక్కి తిరిగి చూడలేదు.

యాదగిరిది ఊరి చివర పెంకుటిల్లు. కావ్యకు ఫోను చేసి చెబితే ముందు బస్సుకే వచ్చి ఉంది. నన్ను చూసి, "కాదన్నరు కదక్కా," అంది. అంతే అంది. లోపల నవారు మంచం మీద ఆయన ఎముకల గూడులా ఉన్నాడు. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అన్నా, నా కొడుకు నీ ఒళ్లె పాణమిడిసిండట. నేను నిన్ను సభలల్ల వెట్టి తిట్టిన. నోట్ల మన్నువడ అని శాపాలు వెట్టిన. నాకెరుకలేదన్నా."

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి అమ్మ నెత్తి మీద పెట్టబోయి, అందక, భుజం మీద పెట్టాడు. తర్వాత ఆ చెయ్యే నా వైపు చూపించి భార్యకేసి చూశాడు. గుర్తుపట్టాడు.

ఆయన భార్య లక్ష్మి చెప్పింది. "ఆ పిల్ల పేరు చెప్పరాదా అని ఎన్నోసార్లు కొట్లాడిన బిడ్డా. తమ్ముడు సచ్చిన పిల్ల, ఠాణ మెట్లు ఎక్కియ్యద్దు అన్నడు. సత్యం దానంతటదే బయటపడ్తదన్నడు. గింత అమాయకుణ్ని పోలీసుల ఎట్ల తీసుకున్నరో."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను కాపాడాడు. నేను ఆయన్ను అమ్ముకుని ఉద్యోగం చేసుకుంటున్నాను.

బయటికి వచ్చాక కావ్య అడిగింది. "ఇప్పుడన్న రాసిస్తరా? నాయినకు కొలువు రాదు, ఎరుకే. పేరన్న సాఫైతది."

"ఎలక్షన్లు కానియ్యి," అన్నాను.

అమ్మ అంత దూరంలో చెప్పులు వేసుకుంటూ ఆ మాట విన్నది.

మేం ఊరు చేరేసరికే భానుచందర్ పని మొదలుపెట్టాడు. అమరుడి తల్లికి మతి చలించిందని ఒక పోస్టు. నేను ఎదుటి పార్టీకి అమ్ముడుపోయానని ఇంకోటి. మర్నాడు ఎదుటి పార్టీవాళ్లు నిజంగానే వచ్చారు, వాళ్ల కండువాతో, పళ్ల బుట్టతో. "మా స్టేజి మీద ఉన్నదున్నట్టు చెప్పు అవ్వా, వాని సంగతి చూస్తం," అన్నారు.

అమ్మ బుట్టను కాలితో గడప అవతలికి తోసింది. "నా కొడుకు ఒక్కసారే సచ్చిండు. ఎన్నిసార్లు లేపుతరురా వాన్ని?"

ఓట్లయ్యాయి. హరికృష్ణ పద్దెనిమిది వేల ఓట్ల తేడాతో గెలిచాడు. మా వాడకట్టులోనూ ఆయనకే ఎక్కువ పడ్డాయి. జరిగింది చెబితే కొందరు విన్నారు. విని, "పోయినోడు ఎట్లనో పోయిండు, ఈయన రోడ్డన్న ఏపిచ్చిండు గదా," అన్నారు. విజయోత్సవ సభలో ఇంకో ఊరి నుంచి తెచ్చిన ఇంకో తల్లి స్టేజి మీద ఏడ్చింది. ఆమె కొడుకు ఎట్లా పోయాడో నాకు తెలియదు. అడగాలని ఉండింది.

నేను మాత్రం రోజూ ఆఫీసుకు పోతున్నాను. జనవరి ఎట్లాగూ వస్తుంది, అప్పుడు చూద్దామని రోజులు నెడుతున్నాను. ఇంట్లో అమ్మ తన పొయ్యి తను పెట్టుకుంది.

డిసెంబర్‌లో ఒక శనివారం. టీవీలో అసెంబ్లీ చూపిస్తున్నారు. కొత్త ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే లేచి ప్రమాణం చేస్తున్నారు. అమ్మ గోడకు ఆనుకుని చిక్కుడుకాయ ఒలుస్తోంది. హరికృష్ణ లేచాడు. పేరు చెప్పుకుని, గొంతు సవరించుకుని, దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను అన్నాడు.

అమ్మ చేతులు ఆగాయి. నెల రోజుల తర్వాత నావైపు తిరిగి మాట్లాడింది.

"సాక్షి అంటే చూసినోళ్లే గదనే?"

"అవునమ్మా."

"దేవుడు చూసిండో లేదో నాకెరుకలే. నువ్వైతే చూసినవ్. సోమారం నాడు పోదాం."

నా ఉద్యోగం జనవరిలో పోయింది. యాదగిరి ఫైలు ఇంకా ఒక టేబుల్ మీది నుంచి ఇంకో టేబుల్ మీదికి పోతూనే ఉంది. కావ్య సెలవు దొరికినప్పుడల్లా దాని వెంట తిరుగుతోంది, నేనూ అమ్మా తోడు పోతున్నాం. హరికృష్ణ ఎమ్మెల్యేగానే ఉన్నాడు. ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ సోమవారం ఒక్కటి చెప్పి ఆపుతాను.

పోలీసు ఆఫీసులో అర్జీలు తీసుకునే ఆయన ముందు నేనూ అమ్మా కూర్చున్నాం. నేను నాలుగు పేజీలు రాసుకుపోయాను. ఆయన మొదట కళ్లజోడు లేకుండా చదివాడు, తర్వాత కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివాడు. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"చూడమ్మా, యాదగిరిని నేనూ ఎరుగుదును. మంచోడు. ఆయన తప్పులేదని రాసినవు, బాగున్నది. కాని బండి మాట్లాడినాయన, సంతకం పెట్టిచ్చినాయన పేరెందుకు? ఒక నాయకుడు అని రాయరాదా? కాగితం జర జల్ది కదులుతది."

నేను పెన్ను తీశాను. అబద్ధం చెప్పను, తీశాను.

"ఏమంటాండు?" అంది అమ్మ.

"పేరు కొట్టెయ్యమంటాండు."

"ఏడున్నది ఆ పేరు? సూపెట్టు."

అమ్మకు చదువు రాదు. రెండో పేజీ మధ్యలో హరికృష్ణ పేరున్నచోట నా వేలు పెట్టాను. అమ్మ నా వేలు తీసేసి తన చూపుడువేలు అక్కడ పెట్టి నొక్కింది. బంతిపూల పసరుతో నల్లబడిన వేలు.

"గిది ఉంటది సారు. మీరు ముద్రెయ్యిండ్రి."

ఆయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు. మొదటి పేజీ తిప్పి, పైన తేదీ రాసి, ముద్ర వేశాడు. రెండో పేజీ మీద వేయడానికి చెయ్యి తియ్యమన్నాడు. అమ్మ తియ్యలేదు. పక్కన ఖాళీ ఉన్నచోట వేసుకున్నాడు. నాలుగో పేజీ మీద ముద్ర పడి, రసీదు నా చేతికి వచ్చేదాకా, అమ్మ ఆ పేరు మీది నుంచి వేలు ఎత్తలేదు.